చేపలు చచ్చిన వార్తను అక్కడితో ఆపకండి

సంపాదకులు గారికి నమస్కారం.

తీరంలో చేపలు కుప్పలుగా చచ్చి తేలాయన్న వార్త పత్రికల్లో అప్పుడప్పుడూ చూస్తూనే ఉంటాం. ఒక ఫొటో ఉంటుంది, ఎన్ని టన్నులో ఒక అంచనా ఉంటుంది, నీళ్లలో ఆక్సిజన్ తగ్గడమే కారణమని ఒక వాక్యం ఉంటుంది, అంతటితో వార్త అయిపోతుంది. భూతాపం వార్తలు ఇంకో పేజీలో వస్తాయి, అక్కడ బొగ్గు, పెట్రోలు, అడవుల నరికివేత గురించి రాస్తారు. ఈ రెండింటికీ ఏ సంబంధమూ లేనట్టు విడివిడిగా రాయడం సరి కాదని చెప్పడానికే ఈ ఉత్తరం. ఆక్సిజన్ అందని నీళ్లు చేపల్ని చంపడంతో ఊరుకోవు. ఆ నీళ్లలోని సూక్ష్మజీవులు భూమిని వేడెక్కించే వాయువుల్ని తయారుచేస్తాయి, ఆ వేడికి నీళ్లలో ఆక్సిజన్ ఇంకా తగ్గుతుంది. వీటిని వేర్వేరు పేజీల్లో చదివే మనిషికి ఈ చక్రం ఎప్పటికీ కనబడదు.

నేను ముఖ్యంగా చెప్పేది నైట్రస్ ఆక్సైడ్ గురించి. పళ్ల డాక్టర్లు నొప్పి తెలియకుండా వాడే లాఫింగ్ గ్యాస్ ఇదే. వందేళ్ల లెక్కలో ఒక టన్ను నైట్రస్ ఆక్సైడ్ 273 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానమైన వేడి పుట్టిస్తుంది, గాలిలో చేరిందంటే సగటున వందేళ్లకు పైగా పోదు. పరిశ్రమలు రాకముందు గాలిలో ప్రతి వంద కోట్ల అణువుల్లో సుమారు 270 ఇవి ఉండేవి, ఇప్పుడు 335 దాటాయి. పైగా ఇది ఆకాశంలో ఎత్తుకు వెళ్లి ఓజోన్ పొరను కూడా తినేస్తుంది. మనుషులు ఇప్పుడు వదులుతున్న వాయువుల్లో ఓజోన్‌కు అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదేనని ఎ.ఆర్. రవిశంకర, ఆయన సహచరులు 2009లోనే సైన్స్ పత్రికలో లెక్కకట్టి చూపించారు. అయినా ఓజోన్‌ను కాపాడటానికి 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందం అదుపు చేసే వాయువుల జాబితాలో దీని పేరు లేదు.

నీళ్లలో ఆక్సిజన్ ఎంత కొంచెం ఉంటుందో గాలి పీల్చి బతికే మనకు తట్టదు. ఒక లీటరు గాలిలో 270 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ ఉంటుంది. అదే లీటరు మంచినీళ్లలో అయితే 0 డిగ్రీల దగ్గర 14.6 మిల్లీగ్రాములు, 30 డిగ్రీల దగ్గర 7.6 మిల్లీగ్రాములు మాత్రమే కరుగుతుంది, ఉప్పునీళ్లలో అంతకన్నా తక్కువ. అది 2 మిల్లీగ్రాముల కిందికి పడిపోతే ఆ స్థితిని హైపాక్సియా అంటారు, ఈదగలిగిన చేపలు అక్కడినుంచి పారిపోతాయి, అడుగు నేలను అంటిపెట్టుకుని బతికే నత్తలు, పురుగులు చచ్చిపోతాయి. 1960 నుంచి 2010 దాకా, యాభై ఏళ్లలో, ప్రపంచ సముద్రాలన్నీ కలిపి తమలోని ఆక్సిజన్‌లో దాదాపు 2 శాతం పోగొట్టుకున్నాయి. రెండు శాతమే కదా అనిపిస్తుంది, కానీ ఈ నష్టం అన్నిచోట్లా ఒకేలా లేదు, ముందునుంచే ఆక్సిజన్ అంతంత మాత్రంగా ఉన్న నీళ్లలో చిన్న తగ్గుదల కూడా గీత దాటిస్తుంది. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువగా కరగడం ఇందులో చిన్న భాగమే. పైనున్న నీరు వేడెక్కి, తేలికై, కింది చల్లటి నీటి మీద మూతలా కూర్చుంటుంది, గాలినుంచి వచ్చే ఆక్సిజన్ కిందికి దిగదు. ఎక్కువ నష్టం ఇలా నీళ్లు కలవకపోవడం వల్ల జరుగుతోంది.

తీరం దగ్గరికి వచ్చేసరికి దీనికి మన చేతి పని తోడవుతుంది. గాలిలోని నత్రజనితో అమ్మోనియా తయారుచేసే మొదటి పెద్ద ఫ్యాక్టరీ 1913లో జర్మనీలోని ఒప్పావులో మొదలైంది, ఆ పద్ధతే లేకపోతే ఈ రోజు ప్రపంచంలో ఇంచుమించు సగం మందికి తిండి పండదు, కాబట్టి ఎరువుల్ని తిట్టిపోయడం నా ఉద్దేశం కాదు. కానీ పొలంలో వేసిన నత్రజనిలో సుమారు సగమే పంటకు అందుతుంది. మిగిలిన దాంట్లో పెద్ద భాగం వాన నీళ్లతో కాలువల్లోకి, నదుల్లోకి, చివరికి సముద్రంలోకి చేరుతుంది, దారిలో శుద్ధి చేయని మురుగు కూడా కలుస్తుంది. పంటకు ఎరువు ఎలాగో సముద్రపు నాచుకూ అంతే, విపరీతంగా పెరుగుతుంది, పెరిగినంతా చచ్చి అడుగుకు దిగుతుంది.

అసలు కథ ఆ అడుగున మొదలవుతుంది, దీన్ని కొంచెం ఓపిగ్గా చదవమని మనవి. చచ్చిన నాచును తినే బ్యాక్టీరియా ఆక్సిజన్ అంతా పీల్చేస్తుంది. ఆక్సిజన్ అయిపోయిందని అది చావదు, నైట్రేట్‌తో, అంటే నత్రజనీ ఆక్సిజనూ కలిసి నీళ్లలో కరిగి ఉండే పదార్థంతో, ఊపిరి తీసుకోవడం మొదలుపెడుతుంది. అదీ అయిపోతే సల్ఫేట్‌ను వాడుకునే బ్యాక్టీరియా పని అందుకుంటుంది, కుళ్లిన గుడ్ల వాసన అప్పుడే వస్తుంది. ఆ తర్వాత, బురద లోతుల్లో, మీథేన్ పుట్టించే జీవులు మిగులుతాయి. మనకు కావలసింది ఇందులో నైట్రేట్ దశ. నైట్రేట్ ముందు నైట్రైట్ అవుతుంది, తర్వాత నైట్రిక్ ఆక్సైడ్, దాని తర్వాత నైట్రస్ ఆక్సైడ్, ఆఖరున మామూలు నత్రజని వాయువు. ఆఖరి మెట్టు దాకా చేరితే ఎవరికీ నష్టం లేదు, మనం పీల్చే గాలిలో 78 శాతం అదే. అయితే ఆ ఆఖరి మెట్టు ఎక్కించే ఎంజైమ్ మిగతా వాటికంటే సున్నితం, కాస్త ఆక్సిజన్ తగిలినా పనిచేయడం మానేస్తుంది. ముందు మెట్లు నడుస్తూ ఉంటాయి, చివరిది ఆగిపోతుంది, దాంతో నైట్రస్ ఆక్సైడ్ మధ్యలో పేరుకుపోతుంది.

ఇదే వాయువు రెండో వైపునుంచి కూడా వస్తుంది. అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులు వేరే ఉన్నాయి, వాటికి ఆక్సిజన్ కావాలి. ఆక్సిజన్ నిండుగా ఉన్నప్పుడు అవి తమ పని శుభ్రంగా చేస్తాయి, కొరత పడేకొద్దీ పక్కదారిన నైట్రస్ ఆక్సైడ్ ఎక్కువ వదులుతాయి. 1980లో అచ్చయిన ఒక ప్రయోగంలో, అలాంటి బ్యాక్టీరియాకు ఆక్సిజన్ తగ్గిస్తూ పోతే, అది మార్చే అమ్మోనియాలో నైట్రస్ ఆక్సైడ్‌గా బయటికి వచ్చే వాటా 0.3 శాతం నుంచి దాదాపు 10 శాతానికి పెరిగింది. సముద్రంలో ఈ పని ఎక్కువగా చేసేవి బ్యాక్టీరియా కూడా కావు, ఆర్కియా అనే వేరే జాతి జీవులు. వాటిలో మొదటిదాన్ని ప్రయోగశాలలో పెంచగలిగింది 2005లో, అదీ అమెరికాలోని సియాటెల్ అక్వేరియంలో ఒక తొట్టి అడుగునున్న గులకరాళ్ల నుంచి తీసి. సముద్రం నిండా ఉన్న జీవి గురించి మనకు తెలిసింది నిన్నగాక మొన్న అన్నమాట!

ఈ రెండు దారుల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేలుతుంది, దాన్ని పత్రికలు చెప్పాలని నా కోరిక. పూర్తిగా ఊపిరి ఆగిన నీళ్లలో నైట్రస్ ఆక్సైడ్ తక్కువే ఉంటుంది, ఎందుకంటే అక్కడి బ్యాక్టీరియా దాన్ని కూడా వాడేసుకుంటుంది. ఆక్సిజన్ నిండుగా ఉన్న నీళ్లలోనూ తక్కువే. అందీ అందని చోట, అంటే ఆక్సిజన్ లేని నీటి అంచుల్లో, ఇవాళ ఉండి రేపు పోయి ఎల్లుండి మళ్లీ వచ్చే లోతు తక్కువ తీరాల్లో అది విపరీతంగా తయారవుతుంది. ఆక్సిజన్ అందని ఇలాంటి నీళ్లను 'డెడ్ జోన్' అంటుంటారు, ఆ మాట అందుకే నాకు నచ్చదు. అది వింటే అక్కడ ఏమీ జరగడం లేదనిపిస్తుంది, నిజానికి అక్కడ చాలా జరుగుతోంది, చేపలు మాత్రం లేవు.

ఇదంతా కాగితం మీది ఊహ కాదు. భారతదేశపు పశ్చిమ తీరం పొడవునా, నైరుతి రుతుపవనాల కాలంలో లోతునుంచి ఆక్సిజన్ తక్కువ ఉన్న నీరు పైకి ఎగదన్నుకుని వస్తుంది, వానాకాలం నుంచి శరత్తు దాకా ఆ తీరపు నీళ్లకు ఊపిరి అందదు. ఇది ప్రకృతి సహజంగా ఎప్పటినుంచో జరిగేదే. అయితే అది ముదురుతోందని, తెరిచి ఉన్న తీర జలాల్లో అంతవరకు ఎక్కడా కనబడనంత నైట్రస్ ఆక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్ అక్కడ పేరుకున్నాయని గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు చెందిన ఎస్.డబ్ల్యు.ఎ. నఖ్వీ బృందం 2000లో నేచర్ పత్రికలో రాసింది. నేలమీదినుంచి చేరుతున్న నైట్రేట్ ఇందుకు కారణం కావచ్చని, ఇలాంటి నీళ్లు ప్రపంచమంతా పెరిగితే సముద్రం వదిలే నైట్రస్ ఆక్సైడ్ కూడా పెరగవచ్చని అప్పుడే చెప్పారు. 2015లో పెరూ తీరం నుంచి వచ్చిన కొలతల్లో ఉపరితలపు నీళ్లలోనే ఈ వాయువు, గాలితో సమంగా ఉండాల్సిన దానికి సుమారు వంద రెట్లు కనబడింది. తీరాల్లో ఇలా లోతు నీరు పైకి వచ్చే ప్రాంతాలన్నీ కలిపి సముద్ర విస్తీర్ణంలో 3 శాతం కూడా ఉండవు, కానీ సముద్రాలనుంచి గాలిలోకి వెళ్లే నైట్రస్ ఆక్సైడ్‌లో 20 శాతం దాకా అక్కడినుంచే వస్తుందని 2020లో ఒక అంచనా వచ్చింది.

బంగాళాఖాతం సంగతి నన్ను ఇంకా ఎక్కువ ఆలోచనలో పడేసింది. నదులు తెచ్చిపోసే మంచినీరు పైన తేలికగా పరుచుకోవడం వల్ల అక్కడ నీళ్లు సరిగా కలవవు, కింద ఆక్సిజన్ దాదాపు లేదు, ఆ 'దాదాపు' దగ్గరే ఉంది విషయమంతా. 2017లో అచ్చయిన కొలతల ప్రకారం అక్కడ మామూలు పరికరాలకు అందనంత సూక్ష్మంగా, అతి కొద్ది ఆక్సిజన్ మిగిలి ఉంది, నైట్రేట్‌ను వాయువుగా మార్చి నత్రజనిని పోగొట్టే పని అరేబియా సముద్రంలో జరిగినంతగా అక్కడ జరగకుండా ఆపుతున్నది ఆ కొద్దిపాటి ఆక్సిజనే. అంటే ఒక సముద్రం మొత్తం గీత మీద నిలబడి ఉంది. ఇంకొంచెం ఎరువు చేరినా, నీళ్లు ఇంకొంచెం కలవకపోయినా ఎటు ఒరుగుతుందో అని తలుచుకుంటే టెన్షన్‌గా ఉంటుంది.

మీథేన్ గురించి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే సముద్రం విషయంలో దాని గురించి భయం కాస్త ఎక్కువగానే ప్రచారమైంది. సముద్రపు బురదలో పుట్టే మీథేన్‌లో చాలా భాగాన్ని అక్కడే ఉన్న ఇంకొన్ని సూక్ష్మజీవులు సల్ఫేట్ సాయంతో తినేస్తాయి, పైకి రానివ్వవు. నల్లసముద్రం 2,200 మీటర్ల దాకా లోతు, అందులో ఇంచుమించు తొంభై శాతం నీటిలో ఆక్సిజన్ లేదు, కింద మీథేన్ బోలెడంత ఉంది, అయినా లోతులనుంచి గాలిలోకి చేరేది తక్కువే. ప్రమాదం లోతు తక్కువ ఉన్నచోట. కుళ్లే పదార్థం ఎక్కువై బురదలో ఆ వడపోత పొర పలచబడుతుంది, బుడగలుగా లేచిన మీథేన్ నీళ్లలో కరిగేలోపే గాలిలో పడుతుంది. అందుకే సముద్రాలు వదిలే మీథేన్‌లో పెద్ద వాటా తీరాలదే. జర్మనీ తీరంలో బోక్నిస్ ఎక్ అనే చోట 1957 నుంచి నీళ్లను కొలుస్తూ వస్తున్నారు, ఇప్పుడు ఆక్సిజన్‌తో పాటు ఈ వాయువుల్ని కూడా కొలుస్తున్నారు. అలాంటి ఓపిక ఉన్న చోటు ప్రపంచంలో పట్టుమని పది కూడా ఉంటాయని నేననుకోను.

సముద్రం ఈ వాయువుల్ని అనాదిగా వదులుతూనే ఉంది కదా, దానికి మనమేం చేస్తాం అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, నడిసముద్రంలో తయారయ్యేది చాలావరకు సహజమే, గాలిలో పెరుగుతున్న నైట్రస్ ఆక్సైడ్‌కు ప్రధాన కారణం ఇప్పటికీ పొలాల్లో వేసే ఎరువు, పశువుల పేడే. నేను ఆ లెక్కను తారుమారు చేయడం లేదు. సహజంగా ఉన్నదాని మీద మనం ఎంత చేర్చామన్నదే ప్రశ్న. 2008 నాటికి ప్రపంచంలో 400కు పైగా తీర ప్రాంతాల్లో ఇలా ఊపిరాడని నీళ్లను గుర్తించారు, మొత్తం 2,45,000 చదరపు కిలోమీటర్లు. పదేళ్ల తర్వాత ఆ సంఖ్య 500 దాటింది. మిసిసిపి నది కలిసే గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో 2017 వేసవిలో ఒక్కచోటే 22,720 చదరపు కిలోమీటర్ల అడుగు నీళ్లకు ఆక్సిజన్ చాలలేదు. ఇవి ప్రకృతి పెట్టిన లెక్కలు కావు.

అసలు బాధ ఎక్కడంటే ఇదేదీ దేశాల ఖాతాల్లో సరిగా పడటం లేదు. ప్రతి దేశం తన వాయువుల చిట్టా రాసేటప్పుడు, పొలాలనుంచి కొట్టుకుపోయిన నత్రజనిలో ఒక స్థిరమైన వాటా నైట్రస్ ఆక్సైడ్‌గా మారుతుందని లెక్క వేసుకోవచ్చు. వాతావరణ మార్పులను పరిశీలించే ఐక్యరాజ్యసమితి సంఘం ఐపీసీసీ 2019లో సవరించిన సూత్రంలో ఆ వాటా 1.1 శాతం, భూగర్భ జలాలు, నదులు, నదీముఖాల దాకా అందులో వస్తాయి. ఆ నదీముఖంలో ఆక్సిజన్ నిండుగా ఉన్నా, అందీ అందకుండా ఉన్నా అదే 1.1! ఇంతసేపూ చెప్పిన సంగతి చదివాక ఇది ఎంత మొరటు లెక్కో మీకే తెలుస్తుంది. నదీముఖం దాటి తీర సముద్రంలోకి వెళ్లాక జరిగేదానికి బాధ్యత ఎవరిదో ఏ ఖాతాలోనూ కనబడదు.

ఇంకో వైపు సముద్రాన్ని కార్బన్ పీల్చే గిడ్డంగిగా వాడుకుందామని పథకాలు వేస్తున్నారు. నీళ్లలో ఇనుము చల్లి నాచును పెంచితే అది కార్బన్‌ను తీసుకుని అడుగుకు దిగుతుందట. దిగాక అది కుళ్లుతుంది, కుళ్లేటప్పుడు ఆక్సిజన్ పోతుంది, అక్కడ నైట్రస్ ఆక్సైడ్ పుడుతుంది. ఇలా వచ్చే నైట్రస్ ఆక్సైడ్ వల్ల ఆ పథకాల లాభంలో పెద్ద ముక్క పోవచ్చని 2003లోనే లెక్కలు వచ్చాయి. ఇలాంటి పథకాన్ని మెచ్చుకుంటూ వార్త రాసే ముందు ఈ ఒక్క ప్రశ్నా అడగాలి.

ఇక చేయగలిగింది ఏమీ లేదా అంటే, ఉంది. నల్లసముద్రపు వాయవ్య తీరంలో 1980లలో వేసవి వచ్చిందంటే 40,000 చదరపు కిలోమీటర్ల దాకా అడుగు నీళ్లకు ఊపిరాడేది కాదు. 1990 ప్రాంతంలో సోవియట్ వ్యవస్థ కూలిపోయి ఎరువుల రాయితీలు ఆగిపోయాయి, వాడకం ఒక్కసారిగా పడిపోయింది, డాన్యూబ్ నది తెచ్చే పోషకాలు తగ్గాయి. కొన్నేళ్లలో ఆ నీళ్లకు ఆక్సిజన్ తిరిగి వచ్చింది. ఎవరూ కావాలని చేసింది కాదు, ఎందరో రైతులు దెబ్బతిన్నారు, అలా జరగాలని నేను ఎవరికీ కోరను. కానీ భూమ్మీదినుంచి వచ్చే నత్రజని తగ్గితే సముద్రం పదేళ్లలోపే తేరుకోగలదని దానివల్ల తెలిసింది. లండన్‌లో థేమ్స్ నది సంగతీ తెలిసిందే. 1957లో అక్కడ జీవం లేదని తేల్చారు, మురుగు శుద్ధి మెరుగుపరిచాక చేపలు తిరిగి వచ్చాయి. కార్బన్ డయాక్సైడ్ తగ్గించడానికి ప్రపంచమంతా ఒప్పుకోవాలి, ఒక నదీముఖాన్ని బాగుచేసుకోవడానికి ఆ నదీ పరివాహకంలో ఉన్నవాళ్లు చాలు, ఫలితం వాళ్ల కళ్లముందే కనబడుతుంది. ఎరువును ఒకేసారి గుమ్మరించకుండా పంటకు కావలసినప్పుడు కావలసినంతే వేయడం, కాలువ గట్ల వెంట చెట్లూ గడ్డీ ఉంచడం, మడ అడవుల్ని, చిత్తడి నేలల్ని పూడ్చకపోవడం, ఇవన్నీ తెలిసిన పనులే. మురుగు శుద్ధి కేంద్రాల విషయంలో మాత్రం ఒక హెచ్చరిక. ఆ ట్యాంకుల్లో పనిచేసేవీ ఇలాంటి సూక్ష్మజీవులే, కరెంటు మిగులుతుందని గాలి సగం సగం పంపితే సముద్రం అడుగున జరిగే తప్పే అక్కడా జరుగుతుంది, కాబట్టి కేంద్రం కట్టాం అని చెప్పి ఊరుకోకుండా అక్కడ కూడా నైట్రస్ ఆక్సైడ్‌ను కొలవాలి.

2018లో జర్మనీలోని కీల్ నగరంలో శాస్త్రవేత్తలు సముద్రాల్లో ఆక్సిజన్ తగ్గుదల గురించి ఒక ప్రకటన విడుదల చేశారు, ప్రభుత్వాలు వెంటనే కదలాలని అందులో కోరారు. 2019లో కొలంబోలో, వృథా అయ్యే నత్రజనిని 2030కల్లా సగానికి తగ్గించాలన్న ప్రకటన వచ్చింది. ఆ గడువుకు ఎంతో కాలం లేదు. ఏ దేశం ఎంత తగ్గించిందని ఎవరైనా అడగడం మీరు ఎప్పుడైనా విన్నారా?

మిమ్మల్ని కోరేది ఒక చిన్న పని. ఈసారి చేపలు చచ్చిన వార్త వచ్చినప్పుడు మీ విలేకరితో అధికారుల్ని నాలుగు ప్రశ్నలు అదనంగా అడిగించండి. ఆక్సిజన్ లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములు ఉందో అంకె చెప్పమనండి. ఏ లోతులో కొలిచారో అడగండి, ఎందుకంటే పైన బాగానే ఉండి అడుగున ఏమీ లేకపోవడమే ఎక్కువ. ఏ గంటకు కొలిచారో కూడా అడగండి, పగలు నాచు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రంతా పీల్చుకుంటుంది, తెల్లవారుజామున నీళ్లు అన్నిటికంటే ఖాళీగా ఉంటాయి, మధ్యాహ్నం కొలిచి అంతా బాగుందని చెప్పేయడం సులువు. చివరగా, ఆ నీళ్లలో నైట్రస్ ఆక్సైడ్, మీథేన్ ఎవరైనా కొలుస్తున్నారా అని అడగండి. లేదు అనే జవాబు వస్తే ఆ జవాబునే అచ్చు వేయండి, అధికారి హోదాతో సహా.

ఉంటాను,
మీ పాఠకుల్లో ఒకరు